ఆ పాత పుస్తకం కొనేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఒక పాత పుస్తకం కొనాలనుకుంటున్నానని నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి అది నా కళ్లముందే ఉంది. బెంజమిన్ హీత్ మాల్కిన్ 1803లో దక్షిణ వేల్స్‌లో రెండుసార్లు తిరిగి, మరుసటి ఏడాది లండన్‌లో అచ్చు వేయించిన యాత్రాగ్రంథం అది. పాంటిప్రీద్ రాతి వంతెన గురించీ, దాన్ని కట్టిన విలియం ఎడ్వర్డ్స్ గురించీ తెలుసుకోవాలనుకునే ప్రతివారూ ఏదో ఒకరోజు ఆ గ్రంథం దగ్గరికి రావలసిందే. నువ్వు చదివే ట్రెఫారెస్ట్ ఆ వంతెనకు దగ్గరే. ఆ పుస్తకం నీకు దొరికితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అయినా డబ్బు చెల్లించే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

ముందు అది ఏ ముద్రణో చూడు. 1804 నాటిది పెద్ద క్వార్టో, అంటే అచ్చు కాగితాన్ని రెండుసార్లు మడిచిన పెద్ద సైజు, ఒకే సంపుటం. 1807లో వచ్చినది రెండు చిన్న సంపుటాలు. కోరేది మొదటిదాని ధర, చేతికిచ్చేది రెండోదానిలో సగం కాకూడదు. తరువాత పుటల అడుగున ఉండే చిన్న అక్షరాల వరుస చూడు. మడిచిన అచ్చు కాగితాల కట్టలు తారుమారు కాకుండా కుట్టడానికి బైండరు కోసం వేసిన గుర్తులవి. వరుసలో జె, డబ్ల్యూ కనిపించకపోతే పుటలు పోయాయని కంగారు పడకు, ఆ కాలపు ముద్రాపకులు సాధారణంగా వాటిని వదిలేసేవారు. బొమ్మలను మాత్రం ఒక్కొక్కటిగా సరిచూడు. పాత పుస్తకాల్లో బొమ్మలను కోసి, చట్రం కట్టి విడిగా అమ్ముకునేవారు ఎక్కడైనా ఉన్నారు. కోసిన చోట కుట్టు పక్కన సన్నని కాగితపు అంచు మిగిలిపోతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయం కేటలాగులో ఉన్న వివరాలతో పోల్చుకుంటే అనుమానం తీరిపోతుంది.

అట్ట ఊడిందనీ, పుటల మీద గోధుమరంగు మచ్చలున్నాయనీ దిగులుపడ్డావు. మచ్చలకు భయపడకు. అది గుడ్డపీలికలతో చేసిన కాగితం. నా చిన్ననాటి పత్రికలు పెళుసెక్కి పొడి అవుతున్నాయి గానీ, ఆ కాగితం ఇంకా మెత్తగా మడత పడుతుంది. అట్టను తెల్లని నూలు టేపుతో వదులుగా కట్టి ఉంచు. జిగురు టేపు మాత్రం అంటించకు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక చిరిగిన పుటకు నేనే ఆ టేపు వేశాను. పదేళ్ల తరువాత తీసి చూస్తే టేపు రాలిపోయింది, జిగురు మరక మాత్రం అక్షరాల్లోకి ఇంకిపోయింది. ఆ పుట ఇప్పటికీ గుర్తొస్తుంది.

చేతులు కడుక్కుని, బాగా ఆరనిచ్చి పట్టుకో. చేతొడుగులు వద్దు, వేలికి స్పర్శ తెలియకపోతే పుట చిరుగుతుంది. పూర్తిగా విప్పి బల్లమీద పరచకుండా, రెండువైపులా దిండ్లు పెట్టి సగమే తెరువు. మీ గదిలో హీటరు పక్కన గానీ, చెమ్మ పట్టే బయటి గోడకు ఆనించి గానీ పెట్టకు. పాత యజమానులు రాసుకున్న పేర్లు, మార్జిన్ రాతలు ఉంటే రబ్బరు పెట్టి చెరపకు.

ఇక చదవడం సంగతి. ఆ కాలపు పుస్తకాల్లో ఆ ఊరిని పాంటిప్రీద్ అనే పేరుతోనే వెతికితే చాలా చోట్ల దొరకదు. అప్పట్లో దాన్ని న్యూబ్రిడ్జ్ అనేవారు. విషయసూచికలో రెండు పేర్లూ చూడు.

ఎడ్వర్డ్స్ కథను మాత్రం నెమ్మదిగా చదువు తల్లీ. రైతు కొడుకు, బడి చదువు లేనివాడు. కేర్‌ఫిల్లీ కోట శిథిలాలను చూస్తూ రాతిపని మెలకువలు నేర్చుకున్నాడు. ఇంగ్లీషు చదవడం నేర్పింది కార్డిఫ్‌లో ఒక అంధుడైన రొట్టెల వ్యాపారి. 1746లో, ఏడేళ్లు నిలుస్తుందని పూచీ ఇచ్చి టాఫ్ నది మీద వంతెన కట్టాడు. రెండేళ్లు దాటాక వరదలో కొట్టుకొచ్చిన చెట్లు అడ్డం పడి అది పోయింది. ఈసారి నదిలో స్తంభమే వద్దని 140 అడుగుల ఒకే కమాను తలపెట్టాడు. కమాను భుజాల మీద, అంటే రెండు పక్కల వాలు భాగాల మీద, బరువు ఎక్కువై నడినెత్తి రాళ్లు పైకి లేచాయి, వంతెన కూలిపోయింది. అప్పుడు ఆయన రాయి పెంచలేదు, తగ్గించాడు. రెండు భుజాల్లోనూ తొమ్మిది, ఆరు, మూడు అడుగుల వ్యాసంతో మూడేసి గుండ్రని రంధ్రాలు వదిలాడు. 1756లో పూర్తయిన ఆ వంతెన ఇప్పటికీ నిలిచి ఉంది. సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నదానివి, ఆ లెక్క నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

ఎన్ని ప్రయత్నాల్లో కట్టాడన్నది కొందరు మూడంటారు, కొందరు నాలుగంటారు. సెంట్రింగు, అంటే కమాను కట్టేటప్పుడు కింద ఆసరాగా నిలిపే కొయ్య చట్రం, కూలిన సందర్భాన్ని విడిగా లెక్కపెడితే సంఖ్య మారుతుంది. అందుకే ఒక్క పుస్తకాన్ని నమ్మి తీర్పు చెప్పకు. ఏ రచయిత దేన్ని లెక్కపెట్టాడో నోటుబుక్కులో పక్కపక్కన రాసుకో.

బేరం కుదుర్చుకోకముందే ఈ ఆదివారం వంతెన దగ్గరికి వెళ్లు. 1857లో పక్కనే కట్టిన రెండో వంతెన ఒకవైపు చూపుకు అడ్డం వస్తుంది, అందుకని అవతలి వైపు నుంచి నిలబడి చూడు. తరువాత పైకి ఎక్కు. ఆ ఏటవాలుకు బళ్లు దిగేటప్పుడు గొలుసు వేసి ఆపవలసి వచ్చేదట, ఎందుకో నీ కాళ్లకే తెలుస్తుంది. రంధ్రాలు కనిపించేలా ఒక ఫొటో తీసి దుకాణానికి పట్టుకెళ్లు. పుస్తకంలో వంతెన బొమ్మ ఉంటే, చిత్రకారుడు ఆ మూడు రంధ్రాలను పెద్దా చిన్నా తేడాతో సరిగ్గా గీశాడో లేదో చూసి నాకు రాయి.

ఇట్లు,
మామయ్య