డెన్స్ బ్రెస్ట్ అని రిపోర్టు వచ్చినప్పుడు: చెల్లెలి కూతురికి ఒక లేఖ

గుంటూరు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టు చదివాను. ఫిల్ములను కూడా ఫోటో తీసి పంపావు గాని, ఫోన్‌లో చూసి వాటి గురించి ఎవరూ ఏమీ చెప్పకూడదు కనుక రిపోర్టులో ఉన్న మాటల గురించే వ్రాస్తున్నాను. అందులో నిన్ను భయపెట్టిన వాక్యం ఒకటి, అల్లుడు గారికి ధైర్యం ఇచ్చిన వాక్యం ఒకటి ఉన్నాయి. రొమ్ము కణజాలం సాంద్రత సి రకం అన్నది మొదటిది. బైరాడ్స్ (మామోగ్రామ్ ఫలితాన్ని అంకెలో చెప్పే పద్ధతి) 1, అంటే అనుమానించవలసినది ఏమీ కనిపించలేదు అన్నది రెండవది. మొదటిదాన్ని చూసి నువ్వు రెండు రాత్రులు నిద్ర మానుకోవలసిన పని లేదు. రెండవదాన్ని చూసి, ఇక అయిదేళ్ల వరకు ఈ పరీక్షల జోలికి వెళ్లనక్కరలేదని అల్లుడు గారు అనడమూ సరికాదు. నేను డాక్టరును కాను. కానీ ఉద్యోగమంతా మామోగ్రామ్ యంత్రం దగ్గరే గడిచిన దాన్ని కనుక, ఈ రెండు వాక్యాలను కలిపి ఎలా చదవాలో, ఆ తరువాత ఏం చేయాలో చెప్పగలను.

రొమ్ములో పాల గ్రంథులు, పాల నాళాలు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం ఒక వంతు, మిగిలినది కొవ్వు. గ్రంథులు, పీచు ఎక్కువగా ఉండి కొవ్వు తక్కువగా ఉంటే దాన్ని డెన్స్ బ్రెస్ట్ అంటారు. ఇది జబ్బు పేరు కాదు. రొమ్ము పెద్దదా చిన్నదా, చేతికి గట్టిగా తగులుతుందా మెత్తగా తగులుతుందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. డాక్టరు చేతితో పరీక్షించినా తెలియదు, మామోగ్రామ్‌లో చూస్తేనే తెలుస్తుంది. చాలావరకు వంశపారంపర్యంగా వచ్చే లక్షణం. వయసులో ఉన్నవారికి, సన్నగా ఉన్నవారికి, బిడ్డకు పాలిస్తున్నవారికి సాంద్రత ఎక్కువగా ఉంటుంది, ముట్లుడిగిన తరువాత సాధారణంగా తగ్గుతుంది. ఆ దశలో వేడి ఆవిర్లకని ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ కలిసిన మాత్రలు వాడితే మళ్లీ పెరగవచ్చు కనుక, అటువంటి మందు ఎవరైనా వ్రాస్తే నీ రిపోర్టు చూపించకుండా మొదలుపెట్టకు. నూనెలతో మర్దనలు, కషాయాలు సాంద్రతను తగ్గిస్తాయని ఎవరు చెప్పినా వినవద్దు.

మామోగ్రామ్ చదివే డాక్టర్లు సాంద్రతను ఎ, బి, సి, డి అని నాలుగు రకాలుగా వ్రాస్తారు. ఎ అంటే దాదాపు అంతా కొవ్వే, డి అంటే దాదాపు అంతా గ్రంథులు, పీచే. సి, డి రెండింటినీ డెన్స్ అని లెక్కిస్తారు. అమెరికాలో 40 ఏళ్లు దాటి ఈ పరీక్ష చేయించుకునే స్త్రీలలో పదిమందికి సుమారు నలుగురు సి, ఒకరు డి. అంటే సగం మంది నీలాంటివారే. సాంద్రత ఎక్కువైతే క్యాన్సర్ ముప్పు నాలుగు రెట్లు అని నువ్వు యూట్యూబ్‌లో విన్న మాట పూర్తిగా అబద్ధం కాదు గాని, అది డి రకం వారిని ఎ రకం వారితో, అంటే ఈ చివరను ఆ చివరతో పోల్చి చెప్పిన లెక్క. సగటు స్త్రీతో పోలిస్తే డి రకానికి ముప్పు సుమారు రెట్టింపు, సి రకానికి పెరుగుదల స్వల్పం.

నిజంగా నువ్వు పట్టించుకోవలసిన విషయం ముప్పు పెరగడం కంటే జబ్బు కనిపించకుండా ఉండిపోవడం. మామోగ్రామ్ ఫిల్ములో కొవ్వు నల్లగా పడుతుంది, గ్రంథులూ పీచూ తెల్లగా పడతాయి, క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. నల్లని నేపథ్యంలో చిన్న గడ్డ అయినా కంటికి తగులుతుంది. డెన్స్ రొమ్ములో దాన్ని వెతకడం మన గుంటూరు పత్తి యార్డులో దూది రాశిలో పడిన తెల్ల గుండీని వెతకడం వంటిది. ఎంత అనుభవమున్న డాక్టరు చదివినా, ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఈ ఇబ్బంది పూర్తిగా పోదు. 2003లో అమెరికాలో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ముల్లో మామోగ్రామ్ 87 శాతం క్యాన్సర్లను పట్టుకోగా, అతి సాంద్రమైన రొమ్ముల్లో 63 శాతాన్ని మాత్రమే పట్టుకోగలిగింది. అందుకే ఆ దేశంలో 2024 సెప్టెంబరు 10 నుంచి, పరీక్ష చేయించుకున్న ప్రతి స్త్రీకీ ఆమె రొమ్ము డెన్స్ అవునో కాదో తెలిసేలా లిఖితపూర్వకంగా తెలియజేయడం తప్పనిసరి చేశారు. మన దగ్గర అటువంటి నియమం లేదు కనుక రిపోర్టులో ఆ అక్షరం ఉందో లేదో మనమే చూసుకోవాలి, లేకపోతే వ్రాసి ఇవ్వమని అడగాలి. మన దేశంలో ఈ క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్లు ముందుగా, నలభైలలోనూ యాభైలలోనూ ఎక్కువగా వస్తోంది. అది సరిగ్గా రొమ్ము ఇంకా డెన్స్‌గా ఉండే వయసే. ఆ కారణంగా ఈ అక్షరం వాళ్లకంటే మనకే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

కనుక నీ రిపోర్టులోని బైరాడ్స్ 1 ని, సి అన్న అక్షరంతో కలిపి చదవాలి. అంకె ఏం కనిపించిందో చెబుతుంది; ఆ కనిపించడం మీద ఎంతవరకు ఆధారపడవచ్చో అక్షరం చెబుతుంది. ఈ రెండింటినీ కలగలిపి, సి అంటే మూడో రకం, అంటే క్యాన్సర్ మూడో దశ అనుకుని ఏడుస్తూ వచ్చినవారిని నేను చూశాను. దశలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎప్పుడైనా బైరాడ్స్ 0 అని వస్తే ఇంకొన్ని ఫిల్ములో స్కానింగో కావాలని అర్థం, 3 వస్తే ఆరు నెలలకు మళ్లీ చూడాలని, 4 గాని 5 గాని వస్తే ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపాలని అర్థం.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. రొమ్ము అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఒకటి చేయించుకో. మామోగ్రామ్‌లో తెల్లదనం చాటున ఉండిపోయిన గడ్డ స్కానింగ్‌లో చాలాసార్లు నల్లగా విడిగా కనిపిస్తుంది. జపాన్‌లో 40 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలు 70 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి; మామోగ్రామ్ ఒక్కటే చేసినప్పుడు 77 శాతం క్యాన్సర్లు దొరికితే, స్కానింగ్ కూడా కలిపినప్పుడు 91 శాతం దొరికాయి. నీ వయసు 43 కనుక ఈ ఫలితం నీకు దగ్గరగా వర్తిస్తుంది. దీనికి వెల కూడా ఉంది: క్యాన్సర్ కాని నీటి బుడగలు, మామూలు గడ్డలు కూడా కనిపించి, కొందరికి అనవసరంగా సూది గుచ్చవలసి వస్తుంది. ఆ మాట ముందే తెలిసి వెళితే, సూది పరీక్ష అన్నప్పుడు గుండె జారిపోదు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మన వైపు ఇంకా బలంగా ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకుని, గడ్డ చర్మం చీల్చుకుని వచ్చాక ఆసుపత్రికి వచ్చిన తల్లులను తలచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

స్కానింగ్ సరిపోతుంది కదా, ఇక మామోగ్రామ్ ఎందుకు అని మాత్రం అనుకోకు. క్యాన్సర్ తొలి దశలో కొన్నిసార్లు ఇసుక రేణువులంత కాల్షియం చుక్కలే గుర్తు. అవి మామోగ్రామ్‌లో తెలిసినట్టు స్కానింగ్‌లో తెలియవు. రెండూ ఒకేచోట, మామోగ్రామ్ ఫిల్ములను ఎదురుగా పెట్టుకుని స్కానింగ్ చేసే రేడియాలజిస్టు దగ్గర చేయించుకోవడం మంచిది. త్రీడీ మామోగ్రామ్ అని టోమోసింథసిస్ చేసే యంత్రం ఉన్నచోటికి వెళ్లగలిగితే ఇంకా మేలు, ఎందుకంటే అది రొమ్మును పలుచని పొరలుగా చూపించి, ఒకదానిమీద ఒకటి పడి కనిపించకుండా పోయేవాటిని విడదీస్తుంది.

ఎంఆర్‌ఐ సంగతి అడిగావు. సాంద్రత దానికి పెద్దగా అడ్డు రాదు. నెదర్లాండ్స్‌లో 50 నుంచి 75 ఏళ్ల మధ్య, డి రకం సాంద్రత ఉండి మామోగ్రామ్ మామూలుగా వచ్చిన 40 వేల మందికి పైగా స్త్రీలను తీసుకుని, కొందరికి ఎంఆర్‌ఐ కూడా చేయిస్తామని పిలిచారు. రెండు పరీక్షల మధ్య కాలంలో బయటపడే క్యాన్సర్లు పిలవని వారిలో వెయ్యికి 5 ఉంటే, పిలిచినవారిలో వెయ్యికి 2.5 కు తగ్గాయని 2019లో ప్రకటించారు. అదే పరిశోధనలో మొదటి విడత ఎంఆర్‌ఐ చేయించుకున్న ప్రతి వెయ్యిమందిలో దాదాపు 80 మంది లేని జబ్బుకోసం మళ్లీ పరీక్షలకు తిరగవలసి వచ్చింది. ఐరోపాలో రొమ్ము చిత్రీకరణ నిపుణుల సంఘం డి రకం వారికి 50 నుంచి 70 ఏళ్ల మధ్య కనీసం నాలుగేళ్లకొకసారి ఎంఆర్‌ఐ చేయాలంటోంది. అమెరికాలో ప్రభుత్వానికి సలహా చెప్పే నిపుణుల బృందం 2024లో, అదనపు పరీక్షల విషయంలో ఇంకా తగినంత ఆధారం లేదని చెప్పింది. పెద్దవాళ్లే ఏకాభిప్రాయానికి రాని చోట, సి రకం అన్న ఒక్క కారణంతో నువ్వు ఎంఆర్‌ఐకి పరుగెత్తనక్కరలేదు. నీ విషయంలో దాన్ని తేల్చవలసినది సాంద్రత కాదు, మీ మేనత్త.

ఈ మాట కాస్త నిదానంగా చదువు. తెనాలిలో ఉన్న మీ మేనత్తకు 46వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని మామోగ్రామ్ సెంటరులో అడిగితే, అమ్మ వైపు ఎవరికీ లేదని మాత్రమే చెప్పానని వ్రాశావు. నాన్న వైపు నుంచి కూడా ఈ ముప్పు అంతే వస్తుంది. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం ఉంటే తండ్రి ద్వారా కూతురికి సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. తండ్రికి ఏ జబ్బూ కనిపించకపోవచ్చు. ముట్లుడగక ముందే వచ్చిన క్యాన్సర్ కనుక దాన్ని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆడపిల్లల పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని ఆ రోజుల్లో మీ నాన్న వాళ్లు ఆవిడ జబ్బును గడ్డ ఆపరేషన్ అని చెప్పి దాచారు. వాళ్ల బాధ నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం లేదు. కానీ ఆ దాపరికం ఇప్పుడు నీకూ, మీ పెదనాన్న కూతుళ్లకూ, రేపు నీ కూతురికీ నష్టం చేస్తుంది. నాన్నను కూర్చోబెట్టి, ఆ వైపు ఎవరెవరికి రొమ్ము గాని అండాశయం గాని క్యాన్సర్ వచ్చిందో, ఏ వయసులో వచ్చిందో ఒక కాగితం మీద వ్రాసుకో. జన్యు పరీక్ష అవసరమని డాక్టరు అంటే అది జబ్బు వచ్చిన మేనత్తకు ముందు చేయడం ఉత్తమం. ఆవిడలో లోపం దొరికితేనే నీకు దేనికోసం వెతకాలో తెలుస్తుంది. లోపం ఉందని తేలినవారికి, జీవితకాలపు ముప్పు 20 శాతం దాటుతుందని లెక్క తేలినవారికి ఏటా ఎంఆర్‌ఐ చేయించడం మీద అంతగా వివాదం లేదు.

ఈ కాగితం, రిపోర్టు, ఫిల్ములు, సీడీ తీసుకుని క్యాన్సర్ శస్త్రవైద్యుల దగ్గరికి వెళ్లు. విజయవాడ సూర్యారావుపేటలో నువ్వు చూపించుకునే గైనకాలజిస్టు గారినే ఎవరి దగ్గరికి వెళ్లమంటారో అడుగు. మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. మా గుంటూరు జనరల్ ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. ఎక్కడికి వెళ్లినా, నాకు సి రకం సాంద్రత ఉంది, మేనత్తకు 46వ ఏట వచ్చింది, ఈ రెండింటినీ బట్టి నాకు ఎన్నేళ్లకొకసారి ఏ పరీక్ష కావాలి అని సూటిగా అడిగి, చెప్పిన సమాధానాన్ని చీటీ మీద వ్రాయించుకో.

వచ్చేసారి మామోగ్రామ్‌కు నెలసరి మొదలైన తరువాత వారం దాటాక వెళ్లు. అప్పుడు రొమ్ముల సలపరం తక్కువగా ఉంటుంది, పలకల మధ్య నొక్కినప్పుడు ఓర్చుకోవడం తేలిక. గట్టిగా నొక్కారని ఈసారి టెక్నీషియన్ అమ్మాయి మీద కోపం వచ్చిందన్నావు. పై పలకను దించి రొమ్మును పలుచగా పరిచినప్పుడే గ్రంథులు ఒకదానిమీదనుంచి ఒకటి జరిగి విడివిడిగా కనిపిస్తాయి, రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. డెన్స్ రొమ్ముకు ఆ నొక్కడం మరింత అవసరం. ఆ కొద్ది సెకన్లు ఊపిరి బిగబట్టి, భుజం వదులుగా వదిలెయ్యి. ఆ రోజు చంకల్లో పౌడరు, స్ప్రే వాడకు. ఆ రేణువులు ఫిల్ము మీద కాల్షియం చుక్కల్లాగే పడతాయి. చీర కట్టుకుని జాకెట్టు ఒక్కటి విప్పితే పరీక్ష అయిపోతుంది. పాత ఫిల్ములు తప్పకుండా వెంట ఉండాలి, ఎందుకంటే డెన్స్ రొమ్ములో ఒక్క ఫిల్ము చూసి తేల్చలేనిది, రెండేళ్ల ఫిల్ములను పక్కపక్కన పెడితే కొత్తగా వచ్చిన తేడాగా తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది రెండు పరీక్షల మధ్య కాలం. స్నానం చేసేటప్పుడో బట్టలు మార్చుకునేటప్పుడో కొత్త గడ్డ తగిలినా, చంకలో బిళ్ల కట్టినా, చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు గాని నారింజ తొక్కలా గరుకుగా గాని కనిపించినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని నుంచి రక్తం వంటిది కారినా, నెప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నెల క్రితమే మామోగ్రామ్ మామూలుగా వచ్చింది కదా అని ఎవరైనా, డాక్టరే అయినా, తిప్పి పంపితే, నాది డెన్స్ బ్రెస్ట్ అని చెప్పి స్కానింగ్ వ్రాయమని అడుగు. ఆ ఒక్క మాట అడగడానికి మొహమాటపడకు.

వచ్చే ఆదివారం నాన్న మీ ఇంటికి వస్తున్నారని అమ్మ చెప్పింది. ఆ కాగితం ఆ రోజే వ్రాయించు. మేనత్త ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు ఆవిడ దగ్గర ఉంటే దాని కాపీ కూడా తెప్పించి, స్కానింగ్‌కు వెళ్లేలోగా నాకు పంపు. అల్లుడు గారికి నా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
పెద్దమ్మ