‘కంప్యూటర్ మిస్’ ఉద్యోగం మానేసి వైజాగ్ వెళ్ళిపోనా?

ప్రశ్న: మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. బీసీఏ అయ్యాక ఏడాదిగా ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చేస్తున్నాను. పేరుకి కంప్యూటర్ టీచర్ని. ప్రొజెక్టర్ వెలగకపోయినా నన్నే పిలుస్తారు, ఆఫీసు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు. స్కూలు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించే యూడైస్ ఎంట్రీ కూడా నాదే. జీతం తొమ్మిది వేలు. ఇప్పుడు హెడ్‌మాస్టర్ గారు పిల్లలందరి మార్కుల షీటూ చాట్‌జీపీటీలో పెట్టి ప్రోగ్రెస్ కార్డులకు రిమార్కులు రాయించమంటున్నారు. పెట్టొచ్చో లేదో తెలియక టెన్షన్‌గా ఉంది. మా పెదనాన్నగారి అమ్మాయి అమెరికాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో టెక్నాలజీ సపోర్ట్ ఉద్యోగం చేస్తోంది. నువ్వు చేసేదీ దాదాపు ఇదే పని అంటుంది అక్క. అమ్మానాన్నలేమో ఇది మానేసి వైజాగ్‌లో అరవై వేలు కట్టి ఏఐ కోర్సు చేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు రిమార్కుల సంగతి తేల్చేద్దాం. మిగతావి ఆగుతాయి గాని ప్రోగ్రెస్ కార్డులు ఆగవు.

ఆ షీటు ఉన్నది ఉన్నట్టుగా పెట్టకండి. మన స్కూళ్ళలో ఆ ఎక్సెల్ షీటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పేరు, తండ్రి పేరు, ఆధార్, అపార్ (విద్యార్థి ఐడీ) నంబరు, కులం, ఫోన్ నంబరు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. మార్కులు చివర ఎక్కడో ఉంటాయి. అపార్ ఐడీ తీసేటప్పుడు తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకున్నారు కదా, ఆ సంతకం ఆ ఒక్క పనికే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ళ వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, విడతలవారీగా అమల్లోకి వస్తున్నాయి. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. మీ స్కూలు మీద అంత వేసేస్తారని కాదు. హెడ్‌మాస్టర్ గారికి ‘నాకు భయంగా ఉంది సార్’ అని చెప్పడం కంటే ‘చట్టం ఇలా ఉంది సార్’ అని చెప్పడం తేలిక కదా అని చెబుతున్నాను.

ఆయన అడిగిన పని మాత్రం వేరే దారిలో చేసిపెట్టవచ్చు. పేర్లూ నంబర్లూ ఏవీ ఇవ్వకుండా ‘లెక్కల్లో పుంజుకున్న, ఇంగ్లిష్‌లో వెనకబడిన ఏడో తరగతి పిల్లకు రెండు వాక్యాల రిమార్కు’ అని అడగండి. అలాంటి రకాలు ఓ పదిహేను రాయించి క్లాస్ టీచర్లకు ఇవ్వండి. ఏ పిల్లకు ఏది సరిపోతుందో వాళ్ళు ఎంచుకుని, దిద్ది, సొంత మాట ఒకటి కలిపి రాస్తారు. ఈ దిద్దే పని ఎవరూ చేయకపోతే ఏమవుతుందో ఒక స్కూల్లో చూశాను. అక్కాచెల్లెళ్ళిద్దరి కార్డుల మీదా ‘నాయకత్వ లక్షణాలు మెండుగా ఉన్నాయి’ అని అచ్చయింది. చిన్నది నలుగురిలో నోరు విప్పదు. వాళ్ళమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది మా గుంటకేనా రాసినారు?’ అంది. టీచరమ్మ దగ్గర జవాబు లేదు.

ఇక మీ అక్క చెప్పినమాట. ఆమె చెప్పింది నిజమే. అమెరికాలో ప్రభుత్వ స్కూళ్ళను సుమారు 13,000 స్కూల్ డిస్ట్రిక్టులు నడుపుతాయి. మన జిల్లా లాంటిది కాదు అది. కొన్ని స్కూళ్ళకు కలిపి ఒక బోర్డు, సొంత బడ్జెట్, సొంత ఆఫీసు ఉంటాయి. చాలా డిస్ట్రిక్టుల్లో టెక్నాలజీకి విడిగా ఒక విభాగం ఉంటుంది. టీచరు ల్యాప్‌టాప్ పనిచేయకపోతే హెల్ప్‌డెస్క్‌లో టికెట్ పెడుతుంది, అది ఎవరి చేతిలో ఉందో, ఎన్నాళ్ళుగా ఉందో తెలుస్తుంది. పిల్లల రికార్డులు బయటపెట్టకూడదని 1974 నుంచే అక్కడ చట్టం ఉంది. ఏ కొత్త యాప్ వచ్చినా క్లాసులోకి వెళ్ళేముందు ఆ విభాగాన్ని దాటాలి. మీ చేత చేయిస్తున్నదీ ఆ విభాగం పనే. అక్కడ టికెట్, ఇక్కడ ‘మిస్, ఒకసారి రండి’ అనే కేక. తేడా అంతే.

ఏఐ వచ్చాక వాళ్ళూ తడబడ్డారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. 2023 జనవరిలో న్యూయార్క్ నగర స్కూళ్ళు దాన్ని తమ నెట్‌వర్క్‌లో ఆపేశాయి, మే నెలకల్లా తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకున్నాయి. లాస్ ఏంజెలిస్ డిస్ట్రిక్ట్ దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళింది. 2024 మార్చిలో ‘ఎడ్’ అనే సొంత చాట్‌బాట్‌ను ఆర్భాటంగా మొదలుపెట్టింది. తయారుచేసిన కంపెనీ జూన్‌కల్లా కూలబడి, సిబ్బందిలో ఎక్కువమందిని ఇంటికి పంపేసింది. పిల్లల వివరాలు ఏమైనట్టు అని తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టారు. ‘ఈ కంపెనీ రేపు మూతపడితే మా డేటా ఎక్కడుంటుంది?’ అని కొనేముందు అడిగే మనిషి ప్రతి స్కూలుకూ కావాలని ఇలాంటి దెబ్బలతోనే తెలిసింది. ఆ మనిషి పెద్ద ప్రోగ్రామర్ కానక్కర్లేదు. స్కూలు లోపలి వ్యవహారం తెలిసి, మొహమాటపడకుండా అడగగలిగితే చాలు.

మన దగ్గర యంత్రాలు ముందొచ్చాయి. ఒడిశాలో 5టీ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద హైస్కూళ్ళలో స్మార్ట్ క్లాసులు పెట్టారు. మూడో తరగతి నుంచే ఏఐ పాఠాలు 2026-27లో మొదలవుతాయని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో చెప్పింది. స్మార్ట్ బోర్డు గోడకు బిగించినవాళ్ళు వెళ్ళిపోయాక దాన్ని చూసుకునే మనిషి పేరు చాలా స్కూళ్ళలో ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అక్కడే మీకు చోటుంది. కాకపోతే ఆ చోటు ఎవరూ పిలిచి ఇవ్వరు, మీరే కాగితం మీద పెట్టి చూపించాలి.

ఎలాగంటే, రేపే ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. తేదీ, గది, ఎవరు పిలిచారు, ఏమైంది, మీరేం చేశారు, ఎంతసేపు పట్టింది అని రాసుకోండి. మొదటి నెల విసుగొస్తుంది. రెండో నెలకి ఒక సంగతి కనిపిస్తుంది. ప్రొజెక్టర్ ఫిర్యాదుల్లో సగం నిజానికి ప్రొజెక్టర్‌వి కావు, వదులైన వైరు సంగతో, వోల్టేజీ సంగతో అయివుంటుంది. ఆరు నెలల తర్వాత హెడ్‌మాస్టర్ గారి ముందు ఆ పుస్తకం పెట్టి, ‘ఇన్ని గంటలు దీనికే పోయాయి సార్, ఒక స్టెబిలైజర్ కొంటే ఇందులో ఇన్ని మిగులుతాయి’ అనండి. నా అనుభవంలో ప్రైవేటు స్కూలు యాజమాన్యాలు జీతం పెంచమంటే మొహం తిప్పుకుంటాయి గాని ఖర్చు తగ్గుతుందంటే కుర్చీ వేసి కూర్చోబెడతాయి. రేపు వేరే చోట ఇంటర్వ్యూకి వెళ్ళినా సర్టిఫికెట్ల ఫైలు కంటే ఆ పుస్తకమే మీ గురించి ఎక్కువ చెబుతుంది.

దాంతోపాటు ఏఐ వాడకం మీద మీ స్కూలుకి ఒక పేజీ రాసిపెట్టండి. ఒక్క పేజీయే, ఒడియాలోనూ తెలుగులోనూ. ఏ వివరాలు పెట్టకూడదో రాయండి. ఏ వయసు పిల్లలు వాడకూడదో రాయండి. చాట్‌జీపీటీ తయారీదారుల నిబంధనల ప్రకారమే 13 ఏళ్ళలోపువాళ్ళు వాడకూడదు, 18 లోపువాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. కాబట్టి ఆరో తరగతి పిల్లల చేత ప్రాజెక్టు చేయించడానికి దాన్ని ఇవ్వడం కుదరదు. ఏఐతో రాయించిన ప్రశ్నపత్రాన్ని సబ్జెక్టు టీచరు జవాబులతో సహా సరిచూసి సంతకం పెట్టాకే జిరాక్స్‌కి పంపాలని రాయండి. అది తెలిసి చెప్పే యంత్రం కాదు, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసుకుంటూ అల్లుకుపోయే యంత్రం. తప్పునీ ఒప్పునీ ఒకే గొంతుతో చెబుతుంది.

ఇంకొకటి తప్పకుండా రాయండి. ‘ఇది ఏఐ రాసిందా’ అని పట్టుకునే సాఫ్ట్‌వేర్ మాట మీద ఏ పిల్లకీ మార్కులు కోయకూడదు. చాట్‌జీపీటీ చేసిన కంపెనీయే అలాంటి సాధనం ఒకటి తెచ్చి, సరిగా పట్టుకోవడం లేదని 2023 జూలైలో మూసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి సాధనాలను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని అవి తేల్చాయి. మన పిల్లల ఇంగ్లిష్ ఎలాంటిదో మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్. తేలిక మాటలతో పొట్టి వాక్యాలు రాస్తే అది దొంగతనం అనిపించుకోకూడదు కదా.

మీ అసలు బలం కూడా ఆ మూడు భాషలే. ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగు, ఒడియా రాత ఇంటర్నెట్‌లో బాగా తక్కువ, కాబట్టి ఏఐ పొరపాట్లూ వీటిలోనే ఎక్కువ. మన కొండల్లోని సవరల భాష సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ భాషకు మంగెయి గొమాంగో 1936లో కూర్చిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది గాని ఆ అక్షరాలతో రాసిన పుస్తకాలు ఎన్నని? అప్పుడప్పుడూ అనుకుంటాను, 1880లో మీ ఊరి రాజావారి స్కూల్లో మాస్టరుగా చేరిన గిడుగు రామమూర్తిగారు సవరల దగ్గరే వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. అలాంటి ఊళ్ళో కూర్చుని ఈ యంత్రం ఇచ్చిన సవర వాక్యాన్ని సరిచూడకుండా అచ్చువేస్తే బాగుండదు. మీకు సవర రాకపోతే వచ్చిన తల్లిదండ్రులు బడి గేటు దగ్గరే ఉంటారు, అడగండి.

కోర్సు విషయంలో అమ్మానాన్నల మాటకు ఎదురు చెప్పాల్సి వస్తోంది. 45 రోజుల్లో ఏఐ నిపుణులను చేస్తామనే కోర్సుకి అరవై వేలు పోయకండి. కోర్సు అయ్యేలోపు అందులో సగం పాతబడుతుంది. ఆ డబ్బుతో ఎంసీఏ చేయడం మేలు. కేంద్రీయ విద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ పీజీటీ (పదకొండు, పన్నెండు తరగతుల టీచరు) లాంటి వాటికి బీసీఏ ఒక్కటీ చాలదు. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ ఎంసీఏ రెండేళ్ళది, ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. నెట్‌వర్కింగ్‌కి సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో మొదటి మెట్టు కోర్సులు ఉచితం, వాటితో మొదలుపెట్టండి. గూగుల్ వర్క్‌స్పేస్ ఎడ్యుకేషన్ అర్హత ఉన్న స్కూళ్ళకు ఉచితం కాబట్టి మీ స్కూలుకి పెట్టించి, అడ్మిన్ పని మీ చేతిలోకి తీసుకోండి. ఎవరికి ఏ అకౌంటు, ఎవరికి ఎంత అనుమతి అన్నది రోజూ చూసుకోవడంలో నేర్చుకున్నది ఏ కోర్సూ నేర్పదు.

సరిహద్దులో పుట్టినందుకు ఒక చిక్కు ఉంది, దాన్ని ఇప్పుడే చూసుకోండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు మామూలుగా ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా చదివి పాసై ఉండాలి. మీరు ఏ మీడియంలో చదివారో రాయలేదు. తెలుగు మీడియంలో చదివి ఒడియా తీసుకోని వాళ్ళయితే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే అందదు. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు చూద్దామంటే అక్కడ లోకల్, నాన్‌లోకల్ లెక్క అడ్డొస్తుంది. ఈ రెండింటి మధ్యా నలిగిన పిల్లల్ని చాలామందినే చూశాను, అందుకే ముందుగా చెబుతున్నాను.

జీతం సంగతి వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు మాట్లాడండి. ఒకేసారి రెట్టింపు అడిగితే వాళ్ళు ఇవ్వరు. ముందు హోదా అడగండి. ‘కంప్యూటర్ టీచర్, టెక్నాలజీ సపోర్ట్’ అని లెటర్‌హెడ్ మీద రాయించుకుని, వారానికి పది పీరియడ్లు తగ్గించమనండి. పీరియడ్లు తగ్గించం అంటే అప్పుడు జీతం మాట ఎత్తండి. రెండూ కాదంటే ఆ నోట్‌బుక్ తీసుకుని బరంపురంలో పెద్ద స్కూళ్ళ వైపు చూడండి. వైజాగ్ ఆ తర్వాత సంగతి.