రతన సుత్తం: రికార్డింగుతో గొంతు కలవకపోతే

బౌద్ధులు పాళీ భాషలో పఠించే రతన సుత్తాన్ని శ్రీలంక భిక్షువుల రికార్డింగుతో చదువుతుంటే రెండో పాదంలోనే వెనకబడుతున్నానని మీరన్నారు. అది వేగం వల్ల కాదండీ, దీర్ఘాల వల్ల.

1. "భుమ్మాని వా యాని వ అంతలిక్ఖే": మొదటిది వా, రెండోది వట్టి వ. మనం అలవాటుగా రెండూ సాగదీస్తాం, తాళం అక్కడే పోతుంది. అలాగని సంధి చేసి "వంతలిక్ఖే" అనకండి, ఒక అక్షరం తగ్గిపోతుంది. వేళ్ల మీద లెక్కపెట్టండి, 11 రావాలి.

2. "సచ్చేన"లో చ్చ మీద నొక్కండి. సంస్కృతం నోట నానినవాళ్లు "సత్యేన" అనేస్తారు!

3. "మేత్తం" అని అచ్చయితే "మెత్తం" అని దిద్దుకోండి. పాళీలో ద్విత్వం ముందు ఎ, ఒ కురచే.

4. "ఏతేన సచ్చేన సువత్థి హోతు" 3 నుంచి 14వ గాథ (పద్యం) దాకానే. చివరి మూడింటికీ ముగింపు "నమస్సామ సువత్థి హోతు".