విజిల్ టీచర్ జవాబులు: 113 కొట్టిన పిల్ల, 2 కొట్టిన పిల్ల

జోనల్ పోటీలు అయిపోయినట్టున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మీదే ఉన్నాయి. ఖోఖో వాళ్లు, కబడ్డీ వాళ్లు అలగొద్దు, మీవి వచ్చే నెల చూస్తాను.

టీచర్ గారూ, నేను పదో తరగతి. మొన్న మ్యాచ్‌లో మా స్కూల్ 38 పాయింట్లు కొడితే అందులో 31 నావే. గెలిచాం. కానీ తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. "నీకు బాల్ ఇస్తే ఇంక తిరిగి రాదు మే" అని మా కెప్టెన్ మొహం మీదే అనేసింది. అమెరికాలో ఒక స్కూలమ్మాయి ఒక్క మ్యాచ్‌లోనే 113 కొట్టిందని ఫోన్‌లో చూశాను. నిజమేనా? ఆమెను కూడా ఇలాగే అన్నారా?
— ఒక ఫార్వర్డ్, కావలి

నిజమే తల్లీ, కొట్టింది. మాటలు కూడా పడింది, నీకంటే ఎక్కువే. 2006 ఫిబ్రవరి 1న న్యూయార్క్‌లో మర్రీ బెర్గ్‌ట్రామ్ హైస్కూల్ తరఫున ఆడిన ఎపిఫనీ ప్రిన్స్ అనే అమ్మాయి ఆ 113 కొట్టింది. అవతల బ్రాండైస్ హైస్కూల్. ఆఖరి స్కోరు 137–32, అంటే ఆమె జట్టులో మిగిలిన వాళ్లంతా కలిపి కొట్టింది 24. గెలుపు ఎప్పుడో ఖాయమైపోయినా ఆ పిల్లను బెంచి మీద ఎందుకు కూర్చోబెట్టలేదని కోచ్‌ను తిట్టినవాళ్లు తిట్టారు, రికార్డు చెయ్యనిస్తే తప్పేంటి అన్నవాళ్లు అన్నారు. నన్నడిగితే పిల్లది తప్పు కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు బాల్ పడుతుంటే ఆపమని ఎవరు చెప్తారు? ఆపాల్సింది పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు.

అంతకుముందు ఆ రికార్డు షెరిల్ మిల్లర్‌ది. 1982 జనవరి 26, కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ పాలీ హైస్కూల్ తరఫున 105 కొట్టింది. ఆ స్కోరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు: 179–15. అప్పటికి హైస్కూల్ ఆటలో మూడు పాయింట్ల గీత లేదు, ఎంత దూరం నుంచి వేసినా రెండే. 46 బాస్కెట్లు, 13 ఫ్రీ త్రోలు (అవతలి వాళ్లు ఫౌల్ చేస్తే వచ్చేవి, ఒక్కోటి ఒక్క పాయింటు). అక్కడ హైస్కూల్ మ్యాచ్ అంటే ఎనిమిదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, మొత్తం 32 నిమిషాలు. నీ దగ్గర వాచీ ఉంటే ఒకరోజు సాయంత్రం ఎవరూ అడ్డు లేని కోర్టులో ఒక్కదానివే లేఅప్‌లు (రింగు దగ్గరికి పరిగెత్తి వేసేవి) వేసి చూడు, 32 నిమిషాల్లో 46 పడతాయేమో. ఆమెకు అడ్డుగా అయిదుగురు ఉన్నారు మరి, అడ్డుకోగలిగారా లేదా అన్నది వేరే సంగతి.

ఇక్కడో ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆమె తమ్ముడు రెజీ మిల్లర్, తర్వాత అమెరికా మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఇండియానా పేసర్స్‌కు ఆడి దూరం నుంచి బాల్ వెయ్యడంలో పేరు తెచ్చుకున్నవాడు, అదే రాత్రి తన స్కూల్ తరఫున 39 కొట్టి మహా గొప్పగా ఇంటికొచ్చాడట. అక్కకు చెప్పుకున్నాక, "నువ్వెన్ని కొట్టావ్?" అని అడిగాడు. 105 అంది. ఆ పిల్లాడి మొహం ఎలా ఉండి ఉంటుందో తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

కానీ నిన్ను నేను చూడమనేది మూడో అమ్మాయిని. లీసా లెస్లీ. తర్వాత 1996 నుంచి 2008 దాకా వరుసగా నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిందామె. 1990 ఫిబ్రవరి 7న, మార్నింగ్‌సైడ్ హైస్కూల్‌లో ఆఖరి ఏడాది చదువుతుండగా, సగం ఆటలోనే 101 పాయింట్లు కొట్టింది. పదహారు నిమిషాల్లో! జట్టు స్కోరు 102. ఆ మిగిలిన ఒక్క పాయింటు కొట్టిన అమ్మాయి మీద నాకు భలే ఇష్టం. మిల్లర్ రికార్డు దాటడానికి ఇంకో అయిదు చాలు, సగం ఆట చేతిలో ఉంది. దాటలేదు. ఎందుకంటే హాఫ్ టైమ్‌లో అవతలి సౌత్ టారెన్స్ జట్టు, 24 పాయింట్లతో, ఇంక మేం ఆడం అని చెప్పేసింది. అంతే, ఆట అక్కడితో సరి. ఎంత ఆడగలిగిన పిల్లయినా ఒక్కతే ఆడలేదు కదా, అవతల ఎవరో ఒకరు నిలబడాలి.

ఇక నీ సంగతి. నువ్వు స్వార్థంగా ఆడావో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఒక్కటి చెయ్యి. ఆ 31 పాయింట్లలో ఒక్కో బాస్కెట్‌కూ నీకు బాల్ అందించింది ఎవరో గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాయి. రింగులో పడక వెనక్కొచ్చిన బాల్ (రీబౌండ్) పట్టిందెవరు, అవతలి వాళ్ల చేతిలోంచి లాక్కుని నీ దాకా తెచ్చిందెవరు, అన్నీ. పేర్లు గుర్తు రాకపోతే మీ కెప్టెన్ అన్నది నిజమే. వస్తే ఆ కాగితం తీసుకెళ్లి వాళ్లకే చూపించు. వచ్చే మ్యాచ్‌లో నీ మీదికి ఇద్దరు రావడం ఖాయం, 31 కొట్టిన పిల్లను ఎవరు వదుల్తారు? ఇద్దరు నీ దగ్గరుంటే మీలో ఒకమ్మాయి ఖాళీగా ఉన్నట్టే. ఆమె ఎక్కడుందో బాల్ పట్టుకోక ముందే చూసుకో, పట్టుకున్నాక చూసుకునే టైమ్ ఉండదు.

ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ ఈ మధ్య వచ్చిన ఆట అనీ, మా కాలంలో టెన్నీకాయిట్, ఖోఖో తప్ప ఇంకేం లేవనీ మా అమ్మ వాదన. మనవరాల్ని పంపనివ్వడం లేదు. ఆమెకేం చెప్పమంటారు?
— ఒక తండ్రి, కనిగిరి

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆమె చూసినంతలో ఆమె చెప్పింది నిజమే. మా బళ్లోనూ టెన్నీకాయిట్ రింగే ఉండేది, అదీ పగిలితే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకునేవాళ్లం. కానీ ఆట మాత్రం ఆమె కంటే పెద్దది. 1891 డిసెంబరులో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ పళ్లబుట్టలు జిమ్ బాల్కనీకి కొట్టి ఈ ఆట మొదలుపెడితే, మరుసటి ఏడాదే, 1892లో, సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ స్మిత్ కాలేజీలో ఆడపిల్లల చేత ఆడించింది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఏడాది కూడా తేడా లేదు లెండి.

1904లో ఇంకో కథ. అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలోని ఫోర్ట్ షా అనే సర్కారు హాస్టల్ బడి నుంచి అక్కడి ఆదివాసీ తెగల అమ్మాయిలు పదిమంది సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి, ఎదురొచ్చిన జట్టునల్లా ఓడించి, ప్రపంచ చాంపియన్లని కప్పు పట్టుకొచ్చారు. వాళ్ల భాష, వాళ్ల పద్ధతులు మాన్పించడానికి పెట్టిన బడి అది. ఆ కప్పు సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు గర్వం, కోపం రెండూ కలిసే వస్తాయి.

హైస్కూల్ ఆడపిల్లల మ్యాచుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏదంటే మాత్రం పైన చెప్పిన వంద దాటిన రికార్డులు కావు. 1968లో అయోవా రాష్ట్ర ఫైనల్. మొక్కజొన్న పండించే రైతుల ఊళ్లు, మన కనిగిరి, పామూరు లాంటివే అనుకోండి, నీళ్ల సంగతి పక్కన పెడితే. అక్కడ ఆడపిల్లల ఆటకు వేరే రూలు ఉండేది. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒక సగంలోనే ఉండి బాస్కెట్లు వెయ్యాలి, ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకోవాలి, నడిమి గీత దాటకూడదు, బాల్‌ను రెండుసార్ల కంటే ఎక్కువ నేలకు కొట్టకూడదు, అంటే డ్రిబుల్ చెయ్యకూడదు. ఆడపిల్లలు అంతకంటే పరిగెడితే అలిసిపోతారని పెద్దల భయం. తీరా చూస్తే ఆ ఆటకు జనం ఎంత ఎగబడేవాళ్లంటే, అయోవా స్కూళ్లు ఆ పద్ధతిని 1993 దాకా వదల్లేదు.

ఆ ఫైనల్లో యూనియన్–విట్టెన్ స్కూల్‌కు డెనీస్ లాంగ్, ఎవర్లీ స్కూల్‌కు జీనెట్ ఓల్సన్. ఇద్దరూ బాస్కెట్లు వేసేవాళ్లే కాబట్టి కోర్టు మీద ఒకరికొకరు ఎదురుపడరు. ఇటు ఒకామె వేస్తే అటు ఇంకొకామె వేస్తుంది, నడిమి గీత అవతల నిలబడి చూడ్డం తప్ప చేసేదేం లేదు. టైమ్ అయిపోయింది, స్కోరు సమానం. ఓవర్‌టైమ్ ఆడారు. ఆఖరికి 113–107తో యూనియన్–విట్టెన్ గెలిచింది. డెనీస్ 64 కొట్టింది. ఓల్సన్ 76 కొట్టింది, ఓడిపోయింది! మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ వాళ్లు డెనీస్‌ను ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఏరుకునేచోట, ఎంచుకున్నారు కూడా, ఆ ఎంపికను లీగ్ కమిషనర్ రద్దు చేశాడనుకోండి. 179–15లో రికార్డు ఉంది, కాదన్ను. ఈ ఆటలో మాత్రం రెండు వైపులా జట్లున్నాయి. మీ అమ్మగారికి ఈ కథ చెప్పండి, ఆమెకు ఓల్సన్ నచ్చుతుందని నా నమ్మకం.

మా స్కూల్లో ఉన్నది ఒకటే బాల్, 7 సైజుది. మగపిల్లలతో పంచుకుంటాం. మాకు వేరే కావాలా?
— తొమ్మిదో తరగతి అమ్మాయిలు, ఉలవపాడు

కావాలి. మీది 6 సైజు, చుట్టుకొలత 28.5 అంగుళాలు. 7 సైజు అంగుళం పెద్దది, బరువు కూడా ఓ యాభై అరవై గ్రాములు ఎక్కువ. రోజూ పెద్ద బాల్‌తో వేసి మ్యాచ్‌లో చిన్నది చేతికిస్తే మీరు వేసింది బోర్డు దాటి పడుతుంది. రింగు మాత్రం అందరికీ ఒకటే, పదడుగుల ఎత్తు. 1982లో మిల్లర్ ఆ 105 పెద్ద బాల్‌తోనే కొట్టింది, అక్కడి కాలేజీ ఆడపిల్లలకు చిన్న బాల్ వచ్చింది 1984–85 నుంచి. ఈ సంగతి మీ హెడ్మాస్టర్ గారికి చెప్పకండి, ఇదే చాల్లే అంటారు.

బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగు పెరుగుతారా?
— ఒక తల్లి, నాయుడుపేట

పెరగరు. పొడుగున్న వాళ్లను ఏరి ఆడిస్తారు కాబట్టి అలా కనిపిస్తుంది. నిద్ర, పప్పు, గుడ్డు సంగతి చూడండి. మీ అమ్మాయి పొట్టిదైతే డ్రిబ్లింగ్ నేర్పించండి, నేలకు దగ్గరగా ఉండే బాల్‌ను లాక్కోవడం పొడుగువాళ్లకు మహా కష్టం.

నేను కొత్తగా చేరిన వ్యాయామ టీచర్ని. మా పిల్లలు మొదటి మ్యాచ్‌లో 52–6తో ఓడారు. రెండు రోజులుగా గ్రౌండ్‌కు రావడం లేదు. ఏం చెయ్యాలి?
— ఒక టీచర్, దర్శి దగ్గర

అమ్మా, మీరు ఆరన్నా కొట్టారు. నా సంగతి వినండి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. ప్రకాశం జిల్లాలో ఓ పల్లెటూరి హైస్కూల్, కోర్టంటే బడి వెనక మట్టి నేల, ముగ్గుపిండితో గీతలు, వాన పడితే మళ్లీ గీసుకోవడం. ఉన్నది ఆరుగురు పిల్లలు, అందులో ఒకామెకు బూట్లు లేవు. చున్నీలు నడుముకు బిగించి కట్టుకుని ఆడేవాళ్లు. టోర్నమెంటుకు వెళ్తే మొదటి మ్యాచే పట్నం స్కూల్‌తో పడింది. వాళ్లకు డ్రస్సులు, వీపు మీద నంబర్లు. హాఫ్ టైమ్‌కు 26–0. మా పిల్లలు నీళ్లు కూడా తాగలేదు, తల దించుకుని కూర్చున్నారు. నాకేం చెప్పాలో తోచలేదు, నిజంగా తోచలేదు, బొరుగుల పొట్లం తీసి చేతుల్లో పోశాను.

ఆఖర్లో ఆ బూట్లు లేని పిల్ల పక్కనుంచి గుడ్డిగా ఒకటి విసిరింది. బోర్డుకు తగిలింది. ఆ రింగుకు నెట్ లేదమ్మా. నెట్ లేని రింగులో బాల్ లోపల్నుంచి పడిందా, పక్కనుంచి జారిందా అనేది దేవుడికే తెలియాలి, సగం తగాదాలు అక్కడే. స్కోరు రాసే ఆయన పడలేదన్నాడు. రిఫరీ నా వైపు చూశాడు, నేను నోరెత్తలేదు, 42 పాయింట్లు వెనకబడి ఉన్నాక రెండింటి కోసం ఏం కొట్లాడతాం అనుకున్నాను. అవతలి జట్టు కెప్టెన్, రింగు కిందే నిలబడి ఉందామె, చెయ్యెత్తింది. "పడింది సార్, నేను చూశా" అంది. రిఫరీ విజిల్ వేసి రెండు వేళ్లు చూపించాడు. ఆ పిల్ల నంబరు 8. మొహం గుర్తు లేదు, నంబరు గుర్తుంది.

మీ పిల్లలు రాకపోతే మీరు వెళ్లండి. గ్రౌండ్‌లో బాల్ చప్పుడు చెయ్యండి, మీరొక్కరే అయినా సరే సాయంత్రం అయిదింటికి కొడుతూ ఉండండి. ఒకరిద్దరు గోడ దగ్గర నిలబడి చూస్తారు. పిలవకండి. బాల్ వాళ్ల వైపు దొర్లేలా వదిలెయ్యండి. రింగుకు నెట్ లేకపోతే మాత్రం ముందు అది కట్టించండి, మీ డబ్బులతో అయినా.

మర్నాడు ప్రేయర్‌లో మా హెడ్మాస్టర్ గారు, పాపం ఆయనకేం తెలీదు, మైకులో అందరి ముందూ స్కోరెంత అని అడిగారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆ బూట్లు లేని పిల్ల లైన్లోంచి ముందుకొచ్చి గట్టిగా చెప్పింది: "44–2 సార్. ఆ రెండూ నావే."