ఇంటి లెక్క: పూటంతా తినేసే పొదుపు

ప్రశ్న: నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. లైనింగ్ జాకెట్టుకు 350 తీసుకుంటాను. మావారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. విశాఖలో మా గోపాలపట్నంలోనే రైతు బజారు ఉన్నా, ఎంవీపీ కాలనీలో చవకని ఆదివారం ఇద్దరం బండి మీద అక్కడికే వెళ్తాం. ఉల్లిపాయలు, రవ్వ, పప్పులు పూర్ణా మార్కెట్‌లో ఒకేసారి ఎక్కువగా తెచ్చుకుంటాం. రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి ఛార్జర్లు పీకేస్తాను. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. బాబు ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డు వాడాం. ఇంకా 40,000 ఉంది, నెలనెలా బిల్లులో అడిగే మినిమం మొత్తమే కడుతున్నాం. ఇంకా ఎక్కడ తగ్గించుకోమంటారు?
ఒక సోదరి, గోపాలపట్నం

జవాబు: అమ్మా, ఇంకెక్కడా తగ్గించుకోవద్దు. చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారే, ఆ కార్డు దగ్గరే డబ్బు పోతోంది. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ ఇలాంటి ఇళ్లను చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోయేది. మినిమం కడితే లేటు ఫీజు పడదు, అంతే. మిగతా బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ వేస్తాయి. మూడున్నర అనుకుంటే మీ 40,000కు నెలకు 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,650 దాటుతుంది. అంటే నెలకు నాలుగైదు జాకెట్ల కూలి వడ్డీకే పోతోంది. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. ఏడాదికి పది శాతం వేసుకున్నా నెల వడ్డీ 330 చిల్లర. బంగారం లేకపోతే కార్డు వాళ్లకే ఫోన్ చేసి, బాకీని ఈఎంఐగా మార్చమని, వడ్డీ ఎంతో చెప్పమని అడగండి. బాకీ తీరేదాకా ఆ కార్డు మీద ఇంకేమీ కొనకండి. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇక ఎంవీపీ ప్రయాణం. రైతు బజార్లలో ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. ఒక వారం రెండు చోట్లా బోర్డులు చూసి రాసుకోండి, మీకే తెలుస్తుంది. రానూపోనూ ఇరవై కిలోమీటర్లు దాటుతుంది, పెట్రోలుకు యాభై ఎటూ అవుతుంది. పైగా ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో సగం పూట గడిచిపోతుంది. ఆ పూటలో ఒక జాకెట్టు పూర్తవుతుంది కదా!

పూర్ణా మార్కెట్ సరుకు మంచిదే, నేనూ అక్కడే కొంటాను. కానీ మన సముద్రపు తేమకు ఎక్కువ సరుకు నిలవదు. బుట్ట అడుగున ఉల్లిపాయ పొర ఎత్తి చూడండి, నల్లటి బూజు వేళ్లకు అంటుతుంది. రవ్వ ఉండలు కట్టి పురుగు పడుతుంది. ఏరి, జల్లించి, ఎండబెట్టే ఓపిక కూడా ఖర్చే. ఉల్లిపాయలు పది రోజులకు, రవ్వ నెలకు సరిపడా చాలు.

ఛార్జర్ల గురించి బెంగ వద్దు. ఫోన్ లేకుండా ప్లగ్‌లో ఉన్న మంచి ఛార్జర్ ఏడాదంతా కలిపి రెండు మూడు యూనిట్లకు మించి కాల్చదు. అదే రెండు కిలోవాట్ల గీజర్ అరగంటలో ఒక యూనిట్ తాగేస్తుంది. గీజర్ ఉంటే దాని స్విచ్ మాత్రం గుర్తుపెట్టుకుని ఆపండి.

ప్రశ్న: గారెలు వేయించిన నూనె పారబోయడానికి మనసొప్పదు. వడకట్టి మళ్లీ మళ్లీ వాడుతున్నాను. తప్పా?
ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: నల్లబడని నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడేయండి. మళ్లీ మళ్లీ వేపుళ్లకు మాత్రం వద్దు. కాగేకొద్దీ నూనె విరిగి హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఇంట్లో కొలవలేం కాబట్టి నురగ వచ్చినా, జిగురుగా మారినా, ఘాటు వాసన కొట్టినా పారేయడమే. సింకులో పోయకండి, గొట్టం మూసుకుపోతే ప్లంబర్ కూలి నూనె ఖరీదును మించిపోతుంది. ఈసారి చిన్న కళాయిలో తక్కువ నూనె పోసి, నాలుగేసి గారెలుగా వేయించుకోండి.