హోస్టింగ్ కొనేముందు బయటికి దారి చూసుకో

చిరంజీవి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

నీ దుకాణం సైటు కోసం నువ్వు పంపిన నాలుగు హోస్టింగ్ కంపెనీల (సైటుకి సర్వరులో చోటు అద్దెకిచ్చేవాళ్ళ) పట్టిక చూశాను. ఎవరెంత స్పేస్ ఇస్తున్నారో, ఎవరెంత డిస్కౌంట్ ఇస్తున్నారో శ్రద్ధగానే రాశావు. ఆ కంపెనీని వదిలేసి పోవాల్సి వస్తే ఎలా అన్న గడి మాత్రం ఎక్కడా లేదు. ముందు అది గియ్యి. హోస్టింగ్ కంపెనీలు చేతులు మారుతుంటాయి, ధరలు పెరుగుతాయి, బాగున్న సపోర్టు చల్లబడుతుంది. అప్పుడు నీ సైటుని ఒక్క పూటలో ఎత్తుకుపోగలిగితే వాళ్ళెలా ఉన్నా నీకు పెద్ద నష్టం లేదు.

అందుకే డొమైనూ (సైటు పేరు) హోస్టింగూ ఒకే చోట కొనకు. మొదటి ఏడాది డొమైన్ ఉచితం అనేది ఎర. డొమైన్ వేరే రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే కంపెనీ) దగ్గరుంటే, హోస్టింగ్ వాళ్ళతో బిల్లు దగ్గర పేచీ వచ్చినా డీఎన్‌ఎస్ రికార్డులు (ఆ పేరు ఏ సర్వరుకి వెళ్ళాలో చెప్పేవి) మార్చి సైటుని ఇంకో సర్వరుకి తిప్పేస్తావు. రెండూ వాళ్ళ గుప్పిట్లోనే ఉంటే పేరు కూడా పేచీలో ఇరుక్కుంటుంది. రిజిస్ట్రేషన్ నీ పేరు మీదే ఉండాలి, సైటు చేసిపెట్టే కుర్రాడి పేరు మీద కాదు. అక్కడిచ్చే ఈమెయిల్ కూడా అదే డొమైన్ మీదిది కాకూడదు. గడువు తీరిందంటే ఆ మెయిల్ ఆగిపోతుంది, రెన్యువల్ హెచ్చరికలు నీకు చేరనే చేరవు. డాట్ కామ్ పేరు గడువు దాటాక మామూలు ధరకి రెన్యూ చేసుకోవడానికి కొన్నాళ్ళు వ్యవధి ఉంటుంది. అదీ దాటితే 30 రోజుల రిడెంప్షన్ (పేరు విడిపించుకునే గడువు), దానికి జరిమానా బరువుగా ఉంటుంది. ఆపైన 5 రోజులకి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇక నీకు ఎంత కావాలో లెక్క వేసుకో, వాళ్ళు చెప్పేది వినకు. పేజీ 2 ఎంబీ, రోజుకి 200 మంది, ఒక్కొక్కరు 3 పేజీలు చూస్తారనుకో: రోజుకి 1.2 జీబీ, నెలకి 36 జీబీ. పాతిక పేజీలు, రెండు వందల ఫొటోలున్న వర్డ్‌ప్రెస్ సైటుకి డిస్కులో 2 జీబీ చాలా ఎక్కువ. దీనికి షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరుని చాలా సైట్లు పంచుకునేది) సరిపోతుంది. వీపీఎస్ (సర్వరులో నీకే విడిగా కేటాయించే భాగం) తీసుకోమని ఎవరైనా చెబితే, సర్వరుకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరు చేస్తారని అడుగు. మేనేజ్డ్ (నిర్వహణ కంపెనీయే చూసుకునేది) కాకపోతే ఆ పని నీదే, నీకు దుకాణం చూసుకునే పనే చాలు.

"అన్‌లిమిటెడ్" అన్న మాట దగ్గర ఆగు. డిస్కుకి హద్దు లేకపోయినా హద్దు ఇంకో చోట ఉంటుంది. షరతుల పేజీ తెరిచి మూడు మాటలు వెతుకు: ఐనోడ్లు, ఎంట్రీ ప్రాసెస్‌లు, మెమరీ. ఐనోడ్ అంటే దాదాపుగా ఒక్కో ఫైలుకి ఒకటి. ప్రతి మెయిలూ ఒక ఫైలే, వర్డ్‌ప్రెస్ ఒక్క ఫొటోని అరడజను సైజుల్లో కోసి పెడితే అవన్నీ ఫైళ్ళే. ఎంట్రీ ప్రాసెస్ అంటే ఒకే క్షణంలో నీ సైటు కోసం ఎన్ని పీహెచ్‌పీ పనులు (పేజీని తయారుచేసే ప్రోగ్రాములు) నడవచ్చో చెప్పే అంకె. అది 20 అయితే 20 మందే చూడగలరని కాదు. పేజీ అర సెకనులో తయారైతే సెకనుకి 40 పేజీలు. అదే ఒక చెత్త ప్లగిన్ (సైటుకి తగిలించే అదనపు ముక్క) వల్ల పేజీ నాలుగు సెకన్లు పడితే సెకనుకి ఐదే, అంతకుమించి వస్తూ ఉంటే ఎర్రర్లు. పండగ సేల్ రోజున సైట్లు పడిపోయేది ఎక్కువగా ఇక్కడే, డిస్కు నిండి కాదు.

99.9 శాతం అప్‌టైమ్ (సైటు నడుస్తూ ఉండే సమయం) హామీ అంటే నెలకి దాదాపు 43 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. 99 శాతం అయితే ఏడు గంటల పైచిలుకు. మాట తప్పితే వాళ్ళిచ్చేది ఆ నెల బిల్లులో కొంత తగ్గింపు, అదీ నువ్వు అడిగితే.

సర్వరు ఎక్కడుందో మాత్రం తప్పకుండా అడుగు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వరు 10 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక్కసారి వెళ్ళిరావడానికే 100 మిల్లీసెకన్లు. కనెక్షన్ కుదిరి, తాళం పడి (మధ్యలో ఎవరూ చదవకుండా), పేజీ అడిగి తెచ్చుకునేసరికి అలాంటి రాకపోకలు మామూలుగా మూడు. సర్వరు ఆలోచించే సమయం దీనికి అదనం. కొనేవాళ్ళు ఏ ప్రాంతంలో ఉన్నారో ఆ దగ్గర్లో డేటా సెంటర్ ఎంచుకోవాలి. సీడీఎన్ (ఫైళ్ళ కాపీలని చాలా చోట్ల సర్వర్లలో ఉంచే సేవ) ఫొటోలకి బాగా పనిచేస్తుంది కానీ కార్టు, లాగిన్ లాంటి పేజీలు అసలు సర్వరు దాకా వెళ్ళక తప్పదు.

ధర విషయం. పెద్దక్షరాల్లో ఉన్నది మూడేళ్ళు ముందే కడితేనే వర్తించే ధర. రెన్యువల్ ధర కింద సన్నక్షరాల్లో ఉంటుంది, రెండింతలో మూడింతలో. ఐదేళ్ళకి అయ్యే మొత్తం వేసి 60తో భాగించు, ఆ అంకెతో నాలుగు కంపెనీలనీ పోల్చు. నీ పట్టికలో అన్నిటికంటే చౌకగా కనిపిస్తున్నది ఈ లెక్కలో కిందికి జారుతుందనే నా అనుమానం. డబ్బు కట్టే పేజీలో ముందే టిక్ పెట్టి ఉన్నవన్నీ తీసెయ్యి. ముఖ్యంగా ఎస్‌ఎస్‌ఎల్‌కి (ఆ తాళం వేసే సర్టిఫికెట్‌కి) డబ్బు కట్టకు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, దాని గడువు 90 రోజులకి మించదు కాబట్టి తనంతట తానే రెన్యూ అయ్యే ఏర్పాటు హోస్టింగ్‌లో ఉందా అని చూస్తే చాలు. పీహెచ్‌పీ వెర్షన్ కూడా చూడు. 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. ఇంకా దాన్నే డిఫాల్ట్‌గా ఇస్తుంటే ఆ గుమ్మం తొక్కకు.

బ్యాకప్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు, బద్ధకం అసలే వద్దు. "రోజూ బ్యాకప్ తీస్తాం" అంటే సగం జవాబే. ఎన్ని రోజులవి ఉంచుతారు? నాకు నేనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చా? తిరిగి పెట్టడానికి ఛార్జి ఉందా? ఆ కాపీ ఏ భవనంలో ఉంది? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి తగలబడింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్నవాళ్ళలో కొందరికి రెండూ పోయాయి. కాబట్టి వారానికోసారి నువ్వే ఒక కాపీ దించుకో: సైటు ఫోల్డరు మొత్తం జిప్ చేసి ఒకటి, డేటాబేస్‌ని పీహెచ్‌పీ మైఅడ్మిన్ (డేటాబేస్‌ని చూసే టూల్) నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకొకటి. ఫైళ్ళు ఒక్కటే దాచుకుంటే థీమూ ఫొటోలూ మిగులుతాయి, రాసిన పేజీలూ ఆర్డర్లూ మిగలవు, అవన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. దించుకున్నాక ఒకసారి ఖాళీ సబ్‌డొమైన్‌లో (నీ డొమైన్ కిందే ఇంకో ఉపపేరులో) పెట్టి నిలబెట్టి చూడు. జిప్ ఫైలు సగంలో తెగిపోయిందని తెలిసేది సైటు పడిపోయిన రోజున అయితే లాభం లేదు.

మెయిల్‌ని కూడా హోస్టింగ్‌తో ముడిపెట్టకు. షేర్డ్ సర్వరు ఐపీ (నెట్‌లో దాని చిరునామా) అందరిదీ. పక్కవాడు స్పామ్ పంపితే నీ కొటేషన్ కూడా స్పామ్ ఫోల్డర్లో పడొచ్చు. మెయిల్ సర్వీసు విడిగా తీసుకుని ఎమ్‌ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వరుకి చేరాలో చెప్పేది) అటు తిప్పు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ (మెయిల్ నిజంగా నీదేనని చూపే రికార్డులు) పెట్టించు. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే చెక్ ఫెయిలవుతుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మెయిల్ విడిగా ఉంటే రేపు హోస్టింగ్ మారినా ఇన్‌బాక్స్ కదలదు.

సపోర్టు ఎలాంటిదో కొనకముందే తెలుసుకోవచ్చు. రాత్రి పదకొండింటికి చాట్‌లో అడుగు: "ఎంట్రీ ప్రాసెస్‌ల పరిమితి ఎంత? డేటాబేస్ సైజుకి హద్దు ఉందా? పూర్తి బ్యాకప్ నేనే దించుకోవచ్చా?" అంకెలు చెబితే మంచిది. "మా ప్లాన్లు చాలా శక్తివంతమైనవి మేడమ్" అని వస్తే చాట్ మూసెయ్యి. కంట్రోల్ ప్యానెల్ (హోస్టింగ్ ఖాతాని నడిపే తెర) ఏమిటో కూడా అడుగు. సీప్యానెల్ లాంటిదైతే ఖాతా మొత్తం ఒక్క ఫైలుగా ఇంకో సీప్యానెల్‌కి తీసుకుపోవచ్చు. సొంతంగా తయారుచేసుకున్న ప్యానెల్‌ని చూసి వెంటనే వద్దనక్కర్లేదు, ఎఫ్‌టీపీ (ఫైళ్ళు ఎక్కించి దించుకునే దారి), డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ రెండూ ఉంటే చాలు. లాగివదిలి పేజీలు కట్టుకునే సైట్ బిల్డర్‌తోనే చిక్కు. అందులో కట్టిన సైటు సాధారణంగా ఆ కంపెనీ గడప దాటి రాదు.

మారే రోజు వస్తే వరస ఇది. రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ని (పాత చిరునామాని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెని) 300 సెకన్లకి తగ్గించు. ఫైళ్ళూ డేటాబేసూ కొత్త సర్వరులో పెట్టి, నీ కంప్యూటర్లోని హోస్ట్స్ ఫైలులో కొత్త ఐపీ, ఖాళీ వదిలి డొమైన్ పేరు, ఇలా ఒక్క లైను రాయి. లోకానికి పాత సైటే కనిపిస్తుంటుంది, నీకొక్కదానికే కొత్తది. ఫారమ్ నింపి చూడు, మెయిల్ వచ్చిందో లేదో చూడు. తర్వాత పాత సైటులో ఆర్డర్లు ఆపి, డేటాబేస్ మళ్ళీ తాజాగా తెచ్చిపెట్టి, అప్పుడు డీఎన్‌ఎస్‌లో "A" అనే రికార్డుని (సైటు ఐపీ చెప్పేదాన్ని) మార్చు. ఈ ఆపడం మర్చిపోతే మధ్యలో వచ్చిన ఆర్డర్లు పాత సర్వరులోనే ఉండిపోతాయి. హోస్ట్స్ ఫైలులో ఆ లైను తీసెయ్యడం మరవకు. పాత ఖాతాని ఒక వారం అలాగే ఉంచు.

చాలా కంపెనీలు 30 రోజుల్లోపు డబ్బు వెనక్కి ఇస్తాయి, అందులో డొమైన్ ఖర్చు ఉండదు. ఆ నెలలోనే బ్యాకప్ దించి, నిలబెట్టి, సపోర్టుకి ఒక టికెట్ వేసి చూసెయ్యి. 25వ రోజుకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. పట్టికలో నేను చెప్పిన గడీ, 60తో భాగించిన అంకే నింపి పంపు. ఇద్దరు మిగులుతారు, వాళ్ళలో ఎవరన్నది కలిసి చూద్దాం.

మావయ్య