ఆ ఫోన్‌లో మీరు ‘వద్దు’ అంటే వినేదెవరు?

మీరు అడిగింది ఇది: ఒక సామాజిక మాధ్యమ సంస్థ సొంతంగా స్మార్ట్‌ఫోన్ తెస్తే కొనవచ్చా? వాళ్ల యాప్ ఎలాగూ నా ఫోన్‌లో ఉంది, ఫొటోలూ స్నేహితుల జాబితా వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఇక కొత్తగా పోయేదేముంది? పోనీ, రెండో ఫోన్‌గా వాడుకుంటే?

ప్రధాన ఫోన్‌గా అయితే కొనవద్దనే నా సలహా. రెండో ఫోన్ సంగతి చివర్లో చెబుతాను.

నేను ఒక ఫోన్ల తయారీ సంస్థలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. ఫోన్‌లో ముందుగా ఏయే యాప్‌లు ఎక్కించాలో చెప్పే జాబితా మాకు పైనుంచి వచ్చేది. దాన్ని తయారుచేసేది ఇంజినీర్లు కారు, వ్యాపార ఒప్పందాలు చూసేవాళ్లు. ఆ ఉద్యోగం చేసినందువల్లనేమో, ‘కొత్తగా పోయేదేముంది’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు రెండు వేర్వేరు లెక్కలు కనిపిస్తాయి. వాళ్ల దగ్గర ఇప్పటికే ఎంత సమాచారం ఉందన్నది ఒకటి. ఇంకా కావాలని చెయ్యి చాచినప్పుడు అడ్డుకోగలిగినవాళ్లు ఎవరున్నారన్నది ఇంకొకటి. ఫోన్ కూడా వాళ్లదే అయితే తారుమారయ్యేది ఈ రెండో లెక్క.

ఇప్పుడు ఆ యాప్‌కు మీ లొకేషన్ కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే ఫోన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను అడగాలి. సిస్టమ్ మిమ్మల్ని అడుగుతుంది. మీరు వద్దంటే అక్కడితో ఆగుతుంది. ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా, యాప్ పెట్టుకునేటప్పుడే అది అడిగిన అనుమతులన్నిటికీ ఒక్కసారే తలూపాలి. లేదా యాప్‌నే మానుకోవాలి. ఆ కాలపు పర్యవసానం 2018 మార్చిలో బయటపడింది. కోట్లమంది ఫేస్‌బుక్ వివరాలు వాళ్లకు తెలియకుండా రాజకీయ ప్రచార సంస్థ చేతికి చేరిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం రచ్చకెక్కాక, తమ ఫేస్‌బుక్ డేటా ఏముందో చూద్దామని డౌన్‌లోడ్ చేసుకున్న ఆండ్రాయిడ్ వినియోగదారులు కొందరికి అందులో కాల్ జాబితా దర్శనమిచ్చింది: ఎవరికి, ఏ రోజు, ఎంతసేపు ఫోన్ చేశారన్నది వరసగా. వినియోగదారులు ఒప్పుకుంటేనే పనిచేసే సదుపాయమిది, మాటలూ సందేశాల సారం మేం తీసుకోలేదు అని సంస్థ వివరణ ఇచ్చుకుంది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ తన ప్లే స్టోర్‌లో నిబంధన బిగించి, కాల్ జాబితా, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతిని చాలా యాప్‌లకు లేకుండా చేసింది. ఆ తలుపు మూసింది మూడో పక్షం అన్న సంగతి గుర్తుంచుకోండి. యాప్ నడిపేవాడే ఫోన్‌కూ యజమాని అయితే ఆ మూడో పక్షం ఉండదు. కంచే చేను మేసిన సామెత సరిగ్గా ఇక్కడికే సరిపోతుంది.

ఇలాంటి ప్రయత్నం ఒకసారి జరిగింది కూడా. 2013 ఏప్రిల్ 4న ఫేస్‌బుక్ ‘హోమ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించింది. నిజానికి అది ఆండ్రాయిడ్ మీద కప్పే ఒక పొర. లాక్ స్క్రీన్ నిండా స్నేహితుల ఫొటోలూ పోస్టులూ మారుతూ ఉండేవి. ఏ యాప్‌లో ఉన్నా పైన గుండ్రటి ముఖాలు తేలుతూ చాట్‌కు పిలుస్తుండేవి. దాన్ని ముందే ఎక్కించిన హెచ్‌టీసీ ఫస్ట్ అనే ఫోన్ అమెరికాలో ఏటీ అండ్ టీ అనే మొబైల్ నెట్‌వర్క్ ద్వారా, రెండేళ్ల ఒప్పందంతో 99.99 డాలర్లకు అమ్మకానికొచ్చింది. నెల తిరగకుండానే ధర 99 సెంట్లకు పడిపోయింది. డాలర్లు కావు, సెంట్లే.

ఫోన్ అడ్రసు లేకుండా పోయింది కానీ, గోప్యత గురించి అనుమానాలు లేచినప్పుడు ఫేస్‌బుక్ అప్పట్లో ఇచ్చిన జవాబు మాత్రం ఇప్పటికీ చదవదగ్గది. హోమ్ ద్వారా మీరు ఏ యాప్ తెరిచారో మాకు తెలుస్తుంది, అందులో ఏం చేశారో తెలియదు అన్నారు. మ్యాప్ తెరిచిన సంగతి తెలుస్తుంది, ఎక్కడికి దారి వెతికారో తెలియదు. ఇంతవరకు సరే. దాని పక్కనే ఇంకో వివరం ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోలేదు. హోమ్‌ను ప్లే స్టోర్ నుంచి దించుకున్నవాళ్లకూ, ఫోన్‌తో పాటే కొనుక్కున్నవాళ్లకూ తేడా ఉండేది. ముందే ఎక్కించి ఇచ్చిన ఫోన్‌లో మిగతా యాప్‌ల నోటిఫికేషన్లు కూడా హోమ్‌లోనే కనిపించేవి. అందుకని ఏ యాప్ నుంచి నోటిఫికేషన్ వచ్చిందో నమోదు చేస్తాం, లోపలి విషయం తీసుకోం, 90 రోజుల తర్వాత మనిషిని గుర్తుపట్టే వివరాలు తొలగిస్తాం అని వాళ్లే రాశారు. అదే సంస్థ, అదే సాఫ్ట్‌వేర్. ఫోన్‌తో కలిసి వచ్చినందుకే దాని చూపు ఇంకొంచెం దూరం పోయింది. మీ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క వాక్యంలోనే ఉందంటాను.

న్యాయంగా చెప్పాలంటే హోమ్‌ను సెట్టింగుల్లో ఆపేసే వీలుండేది. ఆపితే కింద మామూలు ఆండ్రాయిడే. రేపు వచ్చే ఫోన్‌లో ఆ వీలుంటుందో లేదో కొనేముందు చూసుకోవలసిన మొదటి విషయం అదే.

‘లోపలి విషయం చూడం’ అన్న హామీ దగ్గర కాస్త ఆగాలి. పరీక్షల్లో భాగంగా మేం ఫోన్ ఎప్పుడెప్పుడు ఏయే సర్వర్లను పిలుస్తోందో నమోదు చేసేవాళ్లం. వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే, సిమ్ వేయకముందే, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకముందే కంప్యూటర్ తెర మీద వరసలు పడటం మొదలయ్యేది. ఎడమవైపు సమయం, కుడివైపు సర్వర్ పేరు, అంతే. పంపే సమాచారం గుప్తీకరించి ఉంటుంది కాబట్టి లోపల ఏముందో మాకూ కనిపించదు. విడుదలకు ముందు ఆ ఫోన్లను మాలో కొందరు సొంత ఫోన్‌లా వాడి చూడాలన్నది కూడా పనిలో భాగమే. అలా ఒక సహోద్యోగి వాడిన ఫోన్ తాలూకు జాబితాను ఆయన ముందే కూర్చుని చదివాం. ఎన్నింటికి లేస్తాడో, రాత్రి నిద్ర మధ్యలో ఎప్పుడు ఫోన్ చూసుకుంటాడో, కొత్తగా ఏ ఆట మీద పడ్డాడో అన్నీ తేలిపోయాయి. ఉద్యోగాల యాప్ ఒకటి రోజూ మధ్యాహ్నం విరామంలోనే తెరుచుకుంటోందన్నది కూడా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత రాజీనామా చేసినప్పుడు మాలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. సమయం, పేరు అనే రెండు గళ్లే ఇంత చెప్పాయి. ఎవరి స్నేహితులెవరో, వయసెంతో, ఎక్కడ చదివారో ముందే తెలిసిన సంస్థ చేతిలో అవే రెండు గళ్లు ఇంకెంత చెబుతాయో చెప్పనక్కరలేదు.

పెద్దస్థాయిలో దీనికి ఓనావో ఉదాహరణ. అది మీ డేటాను కాపాడతానని చెప్పుకున్న వీపీఎన్ యాప్, అంటే ఫోన్ ఇంటర్నెట్ రాకపోకలను తన సర్వర్ల గుండా మళ్లించేది. ఫేస్‌బుక్ దాన్ని 2013లో కొన్నది. దాని గుండా వెళ్లే రాకపోకలను బట్టి జనం ఏ యాప్‌లు ఎంత వాడుతున్నారో ఫేస్‌బుక్ లెక్కగట్టింది. వాట్సాప్ ఎంత వేగంగా ఎదుగుతోందో చూపించే ఆ లెక్కలు 2018 డిసెంబరులో బ్రిటన్ పార్లమెంటు కమిటీ బయటపెట్టిన అంతర్గత పత్రాల్లో ఉన్నాయి. వాట్సాప్‌ను 2014లోనే ఫేస్‌బుక్ కొనేసింది. ఈ లెక్క కట్టడానికి ఎవరి సందేశమూ చదవాల్సిన అవసరం లేదు. వీపీఎన్‌ను తీసేయాలంటే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలు. ఫోన్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయలేం కదా.

అసలు వీళ్లకు ఫోన్ ఎందుకు? ప్రకటనల మీద బతికే సంస్థకు వేరేవాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడటం ఎప్పుడూ మెడ మీద కత్తే. 2021 ఏప్రిల్‌లో యాపిల్ ఐఫోన్లలో ఒక చిన్న ప్రశ్న చేర్చింది: ఇతర యాప్‌లు, వెబ్‌సైట్లలో మిమ్మల్ని అనుసరించడానికి ఈ యాప్‌ను అనుమతిస్తారా? ఆ మార్పు వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల మేర దెబ్బ తగులుతుందని మెటా (ఫేస్‌బుక్ సంస్థ కొత్త పేరు) స్వయంగా అంచనా చెప్పింది. అవతలివాళ్లు తెర మీద ఒక్క ప్రశ్న పెడితే అంత నష్టం వచ్చే సంస్థ, ఆ ప్రశ్న అడగాలో వద్దో తానే తేల్చుకునే ఫోన్ కావాలనుకోవడంలో వింతేమీ లేదు. వ్యాపారపరంగా నేనైనా అదే కోరుకుంటాను.

2025 జూన్‌లో బయటపడిన సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు వెనకాల నడుస్తూ ఫోన్ లోపలి పోర్టుల (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ద్వారాల) దగ్గర చెవి ఒగ్గి కూర్చున్నాయని స్పెయిన్, నెదర్లాండ్స్, బెల్జియంలకు చెందిన పరిశోధకులు కనిపెట్టారు. మీరు బ్రౌజర్‌లో ఏదైనా వెబ్‌సైట్ తెరుస్తారు. అందులో మెటా పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉంటే, అది తన కుకీని (బ్రౌజర్‌ను గుర్తుపట్టడానికి దాచే చిన్న గుర్తును) ఆ పోర్టు ద్వారా పక్కనే ఉన్న యాప్‌కు అందిస్తుంది. యాప్‌కు మీరెవరో తెలుసు. దాంతో ఆ సైటు చూసింది ఫలానా మనిషి అని ముడి పడిపోతుంది. కుకీలు చెరిపినా, చరిత్ర దాచుకోని ఇన్‌కాగ్నిటో పద్ధతి వాడినా ఆగలేదు. సంగతి బయటికొచ్చిన రోజే మెటా దాన్ని ఆపేసింది. బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు అడ్డుకట్టలు వేయడం మొదలుపెట్టారు. ఫోన్, బ్రౌజర్, యాప్ మూడూ ఒక్కరివే అయితే ఈ దొంగదారి తొక్కాల్సిన పనే ఉండదు, రాజమార్గమే ఉంటుంది. బయటివాళ్లు కనిపెట్టినా అడ్డుకట్ట వేసేది ఎవరు?

ఆండ్రాయిడ్‌ను తయారుచేసే గూగుల్ మాత్రం ప్రకటనల సంస్థ కాదా అని మీరు అడగవచ్చు. ముమ్మాటికీ ప్రకటనల సంస్థే. లొకేషన్ సేకరణ విషయంలో వినియోగదారులను తప్పుదారి పట్టించిందన్న ఆరోపణ మీద 2022 నవంబరులో అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కాబట్టి ఇప్పుడున్న ఫోన్లు శుద్ధమైనవని నేను అనడం లేదు. ఇప్పుడు సిస్టమ్ తయారుచేసేదీ, యాప్ నడిపేదీ రెండు పెద్ద సంస్థలు, ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటూ మీ ఫోన్‌లో ఉన్నాయి. ఆ అనుమానం వల్ల మనకు కాస్త ఊపిరాడుతోంది.

విడుదల రోజు ఇచ్చే హామీల మీద నాకు పెద్దగా గురి లేదు. కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్లు తయారుచేసే ఓకులస్‌ను ఫేస్‌బుక్ 2014లో కొన్నప్పుడు, హెడ్‌సెట్ వాడాలంటే ఫేస్‌బుక్‌లో లాగిన్ కావాల్సిన పనిలేదని దాని వ్యవస్థాపకుడు కొనుగోలుదారులకు నచ్చజెప్పాడు. 2020 అక్టోబరు నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి అయింది. విమర్శలు చుట్టుముట్టాక 2022 ఆగస్టులో ఆ షరతు తీసి, మెటా ఖాతా అనే వేరే ఏర్పాటు తెచ్చారు. మొదట ఇచ్చిన మాట ఒకటి, నిబంధన మాత్రం తర్వాత మారుతూ వచ్చింది.

ఇక మీ ఇప్పటి ఫోన్ విషయం. సెట్టింగుల్లో యాప్‌ల జాబితాకు వెళ్లి, సిస్టమ్ యాప్‌లను కూడా చూపించమనండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మెటా యాప్ మేనేజర్, మెటా యాప్ ఇన్‌స్టాలర్, మెటా సర్వీసెస్ అనే పేర్లు కనిపిస్తాయి. మీరు ఫేస్‌బుక్ ఎన్నడూ వాడకపోయినా ఉండవచ్చు. తీసేయడానికి కుదరదు, డిసేబుల్ చేయడానికి కుదురుతుంది. చేసేయండి, నేను చేశాను, ఏ పనీ ఆగలేదు.

రెండో ఫోన్‌గా వాడటం: కుదురుతుంది, కానీ అనుకున్నంత తేలిక కాదు. ప్రధాన నంబరు సిమ్ అందులో వేయవద్దు. కాంటాక్టులు అసలే ఎక్కించవద్దు. ఎందుకంటే అందులో ఉన్న నంబర్లు మీవి కావు, ఆ సంస్థలో ఖాతా లేనివాళ్ల నంబర్లు కూడా మీ చేతుల మీదుగానే పోతాయి. బ్యాంకు యాప్, ఓటీపీలు వచ్చే నంబరు, ఆసుపత్రి యాప్ లాంటివి దరిదాపులకు రానివ్వకండి. కీబోర్డు ఎవరిదో చూడండి. మీరు కొట్టే ప్రతి అక్షరమూ దాని గుండానే పోతుంది కాబట్టి వీలైతే వేరేది పెట్టుకోండి. రెండు ఫోన్లూ ఒకే వైఫైలో ఉంటే బయటికి రెండూ ఒకే ఐపీ చిరునామాతో (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యతో) కనిపిస్తాయి. ప్రధాన ఫోన్‌లో వాళ్ల యాప్ ఉందంటే రెండూ ఒకరివేనని పోల్చుకోవడం కష్టం కాదు. అందుకని ఆ యాప్‌ను ఏదో ఒక ఫోన్‌కే పరిమితం చేయండి. ఇన్ని షరతులు పెట్టుకున్నాక ఆ ఫోన్‌తో చేయడానికి మిగిలేవి వీడియోలు చూడటం, ఆటలాడటం, ఫొటోలు తీయడం. అంతమాత్రానికి ఆ ధర గిట్టుబాటు అవుతుందనుకుంటే కొనండి.